చట్టానికీ వాగ్దానానికీ నడుమ: జోసెఫ్ ఎఫ్. స్మిత్

అమెరికాలోనే పుట్టి, అక్కడి నుంచి ఇతర దేశాలకు విస్తరించిన మతసంప్రదాయాలలో మోర్మన్ మతం ప్రముఖమైనది. 1830 ఏప్రిల్ 6న న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ అనే యువకుడు స్థాపించిన ఈ సంఘానికి ‘కడవరి దిన పరిశుద్ధుల యేసుక్రీస్తు సంఘం’ అన్నది అధికారిక నామం. బంగారు రేకుల మీద చెక్కి ఉన్న ఒక ప్రాచీన చరిత్రను దైవశక్తితో అనువదించానని చెప్పి ఆయన ప్రకటించిన ‘మోర్మన్ గ్రంథం’ వల్ల, దానిని బైబిలుతో పాటు పవిత్రగ్రంథంగా స్వీకరించినవారికి మోర్మన్లు అనే వ్యవహారనామం ఏర్పడింది. స్థాపకుడి అన్న హైరం కుమారుడైన జోసెఫ్ ఎఫ్. స్మిత్ 1901 నుంచి 1918 వరకు ఈ సంఘానికి ఆరవ అధ్యక్షుడిగా ఉన్నాడు. ప్రభుత్వంతో దశాబ్దాల పాటు తలపడి, ఆస్తులు జప్తయి, అప్పులలో కూరుకుపోయిన ఒక సమాజం ఆయన హయాంలోనే దేశజీవనంలో గుర్తింపు పొందిన మతసంస్థగా మారింది. ఆ మార్పు కోసం బహుభార్యాత్వాన్ని సంఘంలో నిషేధించి, దానిని మీరినవారిని వెలివేస్తామని ప్రకటించినది ఆయనే. అయినా తాను అంతకుముందే పెళ్లాడిన భార్యలను మాత్రం ఏ చట్టం చెప్పినా విడిచిపెట్టనని దేశచట్టసభ ఎదుట నిలబడి చెప్పినదీ ఆయనే. ఈ రెండింటిలో ఏ ఒక్కదానినే చూసినా ఆయన జీవితం సగమే తెలుస్తుంది.

ఈ సంఘంలో అధ్యక్షుడు కేవలం పరిపాలకుడు కాడు; సభ్యుల విశ్వాసం ప్రకారం ఆయన దేవుని మాట వినిపించే ప్రవక్త కూడా. ఆయనకు ఇద్దరు సలహాదారులు ఉంటారు. ఈ ముగ్గురినీ కలిపి ప్రథమ అధ్యక్షత్వం అంటారు. దాని కింద పన్నెండుగురు అపొస్తలుల సభ ఉంటుంది. స్థానికంగా జీతం పుచ్చుకునే పురోహితులు ఉండరు. వ్యాపారులు, రైతులు, ఉద్యోగులే తమ వృత్తులు చేసుకుంటూ వంతులవారీగా సంఘాన్ని నడుపుతారు. ఒక ప్రాంతంలోని విశ్వాసుల గుంపును వార్డు అనీ, కొన్ని వార్డుల సముదాయాన్ని స్టేక్ అనీ పిలుస్తారు. భారతదేశంలో తొలి స్టేక్ 2012లో హైదరాబాదులోనే ఏర్పడింది కనుక, తెలుగు పాఠకులకు ఈ సంఘం పూర్తిగా దూరపు విషయమేమీ కాదు.

జోసెఫ్ ఎఫ్. స్మిత్ 1838 నవంబరు 13న మిస్సోరీ రాష్ట్రంలోని ఫార్ వెస్ట్ అనే ఊరిలో పుట్టాడు. మోర్మన్లు గుంపుగా వలస వచ్చి భూములు కొనడం, ఒక్కటిగా ఓటు వేయడం, తమదే ఏకైక సత్యసంఘమని చెప్పుకోవడం స్థానికులలో భయాన్ని, ఆగ్రహాన్ని రేపి, అవి క్రమంగా సాయుధ ఘర్షణగా మారిన రోజులవి. ఆ బాలుడు పుట్టడానికి పక్షం రోజుల ముందు, అక్టోబరు 27న, మోర్మన్లను రాష్ట్రం నుంచి తరిమివేయాలని, అవసరమైతే నిర్మూలించాలని మిస్సోరీ గవర్నరు లిల్బర్న్ బాగ్స్ ఉత్తర్వు జారీ చేశాడు. అందువల్ల కొడుకు పుట్టేనాటికి తండ్రి హైరం నిర్బంధంలో ఉన్నాడు. శీతకాలంలో తల్లి పసివాడిని బండిలో తీసుకువెళ్లి లిబర్టీ అనే పట్టణపు జైలులో తండ్రికి చూపించవలసి వచ్చింది. ఆ తరువాత మోర్మన్లు ఇల్లినాయ్ రాష్ట్రానికి చేరి, మిసిసిపీ నది ఒడ్డున నావూ అనే నగరాన్ని కట్టుకున్నారు. అక్కడా శాంతి దొరకలేదు. 1844 జూన్ 27న కార్తేజ్ పట్టణపు జైలులో విచారణ కోసం ఉన్న స్థాపకుడు జోసెఫ్‌ను, హైరంను ముఖాలకు రంగు పూసుకున్న గుంపు తుపాకులతో కాల్చి చంపింది. అప్పటికి హైరం కొడుకుకు ఆరేళ్లు కూడా నిండలేదు. తరువాతి కాలంలో ఆయన ప్రభుత్వాలను అంత తేలికగా నమ్మకపోవడానికీ, సంఘం పట్ల విధేయతను తన ప్రాణంతో సమానంగా చూడడానికీ మూలం ఈ సంఘటనలోనే ఉంది.

తల్లి మేరీ ఫీల్డింగ్ ఇంగ్లండులో పుట్టి, కెనడాలో మోర్మన్ బోధ విని బాప్తిస్మం పొందిన స్త్రీ. హైరం మొదటి భార్య చనిపోగా ఆయనను పెళ్లాడి, సవతి పిల్లలను కూడా పెంచింది. కొడుకు పేరులోని ‘ఎఫ్’ ఆమె పుట్టింటి పేరే. బ్రిగం యంగ్ నాయకత్వంలో మోర్మన్లు పడమటి ఎడారి ప్రాంతమైన యూటాకు వలసపోతున్నప్పుడు ఆమె విధవరాలు, చేతిలో చాలినన్ని ఎడ్లు లేవు. ఆమె ప్రయాణ బృందానికి నాయకుడైన వ్యక్తి, ఆమె అందరికీ భారమవుతుందని చెప్పి వెనక్కి పొమ్మన్నాడనీ, ఎవరి సాయమూ అడగకుండా అతనికంటే ముందే లోయ చేరతానని ఆమె బదులు చెప్పిందనీ, అన్నట్టే 1848 సెప్టెంబరు 23న అతనికంటే ముందుగా సాల్ట్ లేక్ లోయలో దిగిందనీ కొడుకు జీవితాంతం చెప్పుకున్నాడు. ఆ ప్రయాణంలో ఎడ్లబండి తోలినవాడు పదేళ్లు కూడా నిండని ఆ పిల్లవాడే.

ఆయన మరో సంగతిని కూడా సభలలో ప్రస్తావించేవాడు. మోర్మన్లు తమ రాబడిలో పదోవంతును సంఘానికి ఇవ్వాలి; దీనిని దశమభాగం అంటారు. పేదరికంలో ఉన్నప్పుడు కూడా తల్లి తన పంటలోని మేలైన బంగాళదుంపలను ఏరి బండికెత్తి దశమభాగంగా తీసుకువెళితే, అక్కడి గుమాస్తా జాలితో, విధవరాలివి, నీవు ఇవ్వనక్కరలేదని అన్నాడట. తనకు రావలసిన ఆశీర్వాదాన్ని దక్కకుండా చేస్తావా అని ఆమె అతనిని గట్టిగా మందలించిందట. అరవై యేళ్ల తరువాత సంఘపు అప్పులు తీరిన తీరును చూసినప్పుడు ఈ బంగాళదుంపల సంగతికి ఉన్న బరువు తెలుస్తుంది. 1852 సెప్టెంబరులో తల్లి కూడా మరణించింది. పద్నాలుగేళ్లు నిండకుండానే అనాథ అయిన ఆ బాలుడికి ముక్కుమీద కోపం ఉండేది. చెల్లెలిని కొట్టబోయిన ఉపాధ్యాయుడి మీద తిరగబడి బడికి దూరమయ్యాడు.

1854లో, పదిహేనేళ్ల వయసులో, సంఘం ఆయనను సువార్త సేవకు హవాయి దీవులకు పంపింది. మోర్మన్లలో యువకులు సొంత ఖర్చుతో దూరదేశాలకు వెళ్లి కొన్నేళ్లపాటు మతబోధ చేయడం ఒక స్థిరమైన సంప్రదాయం. అయితే అప్పటి లెక్కలోనూ ఆయన చాలా చిన్నవాడు. అక్కడ ఆయన తీవ్రమైన జ్వరంతో మంచాన పడినప్పుడు కన్నబిడ్డను చూసుకున్నట్టు సేవ చేసినది ఒక హవాయి స్త్రీ. దశాబ్దాల తరువాత సంఘాధ్యక్షుడి హోదాలో హొనొలులులో దిగినప్పుడు, చూపు పోయిన ఆ వృద్ధురాలు తన కోసం కొన్ని అరటిపండ్లు పట్టుకుని వస్తే, ఆయన గుంపును వదిలి పరుగున వెళ్లి ఆమెను తల్లీ అని పిలిచాడని వెంట ఉన్నవారు నమోదు చేశారు. స్థానిక భాషను కొద్ది నెలలలోనే నేర్చుకుని ఆ భాషలోనే బోధించిన ఆయనకు, బడి ఇవ్వలేని చదువును ఆ దీవులే ఇచ్చాయి. ఫెడరల్ సైన్యం యూటా మీదికి కదిలిన వార్తతో సంఘం మిషనరీలను వెనక్కి పిలవగా స్వస్థలానికి తిరిగివచ్చి, తరువాత బ్రిటన్‌లో సేవ చేసి, 1864లో మళ్లీ హవాయికి వెళ్లాడు. ఆ రెండో ప్రయాణంలో లహైనా రేవు దగ్గర అలలు ప్రమాదకరంగా ఉన్నాయని, పడవలో దిగవద్దని ఆయన హెచ్చరించినా పెద్దలు వినలేదు. పడవ తలకిందులై, కాబోయే అధ్యక్షుడు లోరెంజో స్నో దాదాపు ప్రాణం పోయిన స్థితిలో ఒడ్డుకు చేరాడు. 1866లో బ్రిగం యంగ్ ఈ యువకుడిని అపొస్తలుడిగా అభిషేకించాడు. 1880 నుంచి ఆయన వరుసగా ముగ్గురు అధ్యక్షులకు సలహాదారుగా పనిచేశాడు.

ఇక్కడ బహుభార్యాత్వం గురించి వివరంగా చెప్పుకోక తప్పదు. పాత నిబంధనలోని అబ్రాహాము, యాకోబు వంటివారి పద్ధతిని పునరుద్ధరించమని దేవుడు ఆజ్ఞాపించాడని స్థాపకుడు కొందరు సన్నిహితులకు రహస్యంగా బోధించాడు. 1852లో యూటాలో సంఘం దానిని బహిరంగంగా ప్రకటించింది. మోర్మన్ విశ్వాసంలో, దేవాలయంలో అధికారం ఉన్నవారు జరిపిన వివాహం మరణంతో ముగియదు; భార్యాభర్తలు, పిల్లలు పరలోకంలోనూ ఒకే కుటుంబంగా నిలుస్తారు. దీనిని ముద్రవేయడం అంటారు. ఈ నమ్మకం ఉన్న పురుషుడికి భార్యను విడిచిపెట్టడమంటే ఈ లోకపు కాపురాన్ని వదలడం మాత్రమే కాదు, శాశ్వతమైన ఒడంబడికను తెంచడం కూడా. జోసెఫ్ ఎఫ్. స్మిత్ మొదట తన వరుసకు సోదరి అయిన లెవైరాను 1859లో పెళ్లాడాడు. ఆ దాంపత్యం నిలవలేదు. 1866లో జూలినా లాంబ్సన్‌ను, ఆ తరువాత 1884 లోపల మరో నలుగురిని పెళ్లాడాడు. దత్తత తీసుకున్న ఐదుగురితో కలిపి ఆయన పిల్లలు 48 మంది. వారిలో పలువురు బాల్యంలోనే చనిపోయారు. పెద్దకూతురు మూడేళ్లయినా నిండకుండా పోయినప్పుడు ఆయన రాసుకున్న దుఃఖం చదివినవారికి, ఇన్ని కుటుంబాల తండ్రి పిల్లలను ఒక్కొక్కరిగా ఎరిగి ఉండడనే అనుమానం మిగలదు. అలాగని ఆ పద్ధతి స్త్రీల మీద మోపిన భారాన్ని మరుగుపరచడం తగదు: భర్త నెలల తరబడి సేవా యాత్రలలో ఉంటే ఇల్లు, పొలం, పిల్లల జబ్బులు, పేదరికం అన్నీ భార్యల తలమీదే పడ్డాయి.

అమెరికా కాంగ్రెసు 1862 నుంచి ఒకదాని తరువాత ఒకటిగా చట్టాలు తెచ్చింది. 1879లో రేనాల్డ్స్ కేసులో సుప్రీంకోర్టు, మతవిశ్వాసానికి రక్షణ ఉన్నా ఆ పేరుతో చేసే నేరానికి రక్షణ లేదని తేల్చింది. 1882 నాటి ఎడ్మండ్స్ చట్టం ఒకరికంటే ఎక్కువ మంది స్త్రీలతో కాపురం చేయడాన్నే శిక్షార్హం చేసి, అటువంటివారి ఓటుహక్కును తీసివేసింది; 1887 నాటి మరో చట్టం సంఘానికి ఉన్న చట్టబద్ధ సంస్థ హోదాను రద్దు చేసి, దాని ఆస్తుల జప్తుకు దారి తీసింది. వందలాది పురుషులు జైలుకు వెళ్లారు. స్మిత్ కూడా కొన్నేళ్లపాటు అధికారులకు చిక్కకుండా హవాయిలో తలదాచుకున్నాడు. చివరకు 1890లో అధ్యక్షుడు విల్ఫర్డ్ వుడ్రఫ్, దేశచట్టం నిషేధించిన వివాహాలను ఇకపై జరపవద్దని సలహా ఇస్తూ ‘మానిఫెస్టో’ అనే ప్రకటన విడుదల చేశాడు; 1896 జనవరి 4న యూటాకు రాష్ట్రహోదా దక్కింది. అయితే ఆ ప్రకటనలో ఒక ఖాళీ మిగిలిపోయింది: అప్పటికే ఉన్న భార్యలను ఏం చేయాలో అది స్పష్టంగా చెప్పలేదు. పైగా మెక్సికో, కెనడాలలోని మోర్మన్ స్థావరాలలోనూ మరికొన్ని చోట్లా, కొందరు నాయకుల ఆమోదంతోనే, కొత్త బహువివాహాలు గుట్టుగా సాగాయి.

1901 అక్టోబరు 17న అధ్యక్షుడైన స్మిత్ మీదికి ఈ ముడి మొత్తం వచ్చి పడింది. 1903లో యూటా శాసనసభ అపొస్తలుడైన రీడ్ స్మూట్‌ను దేశ సెనేటుకు ఎన్నుకుంది. స్మూట్‌కు ఒక్కతే భార్య. అయినా చట్టాన్ని ధిక్కరించే సంస్థకు విధేయుడైనవాడు సెనేటరుగా ఉండరాదని దేశం నలుమూలల నుంచి నిరసన పత్రాలు వెల్లువెత్తాయి. 1904లో మొదలైన సెనేటు కమిటీ విచారణ మూడేళ్లు సాగి, మూడు వేల పుటలకు మించిన నమోదుగా మిగిలింది. పేరుకు అది స్మూట్ మీద విచారణ. నిజానికి బోనెక్కినది మోర్మన్ సంఘమే. మార్చిలో తొలి సాక్షిగా పిలుపు అందుకున్న స్మిత్, మానిఫెస్టో తరువాత కూడా ఐదుగురు భార్యలతో కాపురం చేస్తున్నాననీ, ఆ కాలంలో తనకు 11 మంది పిల్లలు కలిగారనీ ఒప్పుకున్నాడు. తాను చట్టాన్ని మీరుతున్నది నిజమే గాని, పిల్లలనూ వారి తల్లులనూ వీధిపాలు చేయడం కంటే ఆ శిక్షను భరించడానికే సిద్ధపడ్డానని వివరించాడు. పత్రికలు భగ్గుమన్నాయి. ఆ ఒప్పుకోలులో తల వంచని నిజాయితీ ఉంది. కానీ కొత్త వివాహాల గురించి అడిగిన ప్రశ్నలకు ఆయన ఇచ్చిన జవాబులు అంత సూటిగా లేవు. సంఘం ఆమోదంతో, సంఘానికి తెలిసి అటువంటి పెళ్లిళ్లు జరగలేదని ఆయన చెప్పినదానికీ, తరువాతి చరిత్రకారులు బయటపెట్టిన ఆధారాలకూ పొంతన కుదరదు. ఆయనను గౌరవించేవారు కూడా ఈ సత్యాన్ని పక్కకు నెట్టకుండా చూడవలసిందే: తన సొంత ఇంటిని దాచనివాడు, తన సంఘాన్ని కాపాడుకోవడానికి కొంత దాచాడు.

అయితే ఆ అవమానం ఆయనను నిర్ణయానికి పురికొల్పింది. విచారణ నుంచి తిరిగివచ్చిన కొద్ది వారాలకే, 1904 ఏప్రిల్ 6న జరిగిన సంఘ మహాసభలో ఆయన రెండవ మానిఫెస్టోగా పేరుపొందిన ప్రకటనను చదివాడు. కొత్తగా బహువివాహం చేసుకున్నవారు, జరిపించినవారు సంఘం నుంచి బహిష్కరణకు గురవుతారని అది స్పష్టం చేసింది. మొదటి ప్రకటన సలహా. ఇది శిక్షతో కూడిన నియమం. కొత్త వివాహాలను సమర్థిస్తున్న జాన్ టేలర్, మథయస్ కౌలీ అనే ఇద్దరు అపొస్తలులు 1905లో పదవులు వదులుకోవలసి వచ్చింది. వారు ఆయనకు సహచరులు, ఒకే నమ్మకంలో పెరిగినవారు. కాబట్టి ఆ నిర్ణయం ఆయనకు సులభమైనది కాదు. 1906లో, మరో బిడ్డ పుట్టిన తరువాత, సాల్ట్ లేక్ న్యాయస్థానంలో చట్టవిరుద్ధ సహజీవనం నేరాన్ని అంగీకరించి 300 డాలర్ల జరిమానా కట్టాడు. 1907 ఫిబ్రవరి 20న సెనేటు స్మూట్‌ను కొనసాగనిచ్చింది. అతడు 1933 వరకు సెనేటరుగా ఉన్నాడు. 1904 నాటి నియమాన్ని ఒప్పుకోని కొందరు కాలక్రమంలో విడిపోయి ప్రత్యేక వర్గాలయ్యారు. ఈనాటికీ బహుభార్యాత్వం పాటించేవారు ఆ వర్గాలకు చెందినవారే తప్ప, ఈ సంఘపు సభ్యులు కారు.

ఒక సమాజం తన గుర్తింపుగా భావించినదాన్ని వదులుకున్నప్పుడు, ఆ చోటులో మరొకటి నిలవాలి. స్మిత్ చేసిన పనులలో ఎక్కువ భాగాన్ని ఈ దృష్టితో చూస్తేనే వాటి మధ్య సంబంధం కనబడుతుంది. ఆయన మొదట చరిత్రను ఆశ్రయించాడు. 1903లో తన తండ్రి నెత్తురు చిందిన కార్తేజ్ జైలును సంఘం కొన్నది. వెర్మాంట్ రాష్ట్రంలో స్థాపకుడు పుట్టిన స్థలాన్ని కొని, ఆయన బతికిన ఒక్కొక్క యేడాదికి ఒక్కొక్క అడుగు చొప్పున ముప్పై ఎనిమిదిన్నర అడుగుల ఏకశిలా స్తంభాన్ని నిలిపి, శతజయంతి రోజైన 1905 డిసెంబరు 23న ప్రతిష్ఠ చేశారు. తరిమివేతకు గురై వదిలివచ్చిన నేలను ఆయన పగతో కాక డబ్బు చెల్లించి తిరిగి పొందాడు. ఆ పనిలో ఉన్న హుందాతనం గమనించదగినది. దశమభాగం చెల్లింపును పునరుద్ధరించాలని లోరెంజో స్నో 1899లో ఇచ్చిన పిలుపును ఈయన కొనసాగించిన ఫలితంగా, జప్తుల నాటి నుంచి పేరుకున్న అప్పులు తీరిపోయాయని 1907 ఏప్రిల్ మహాసభలో ప్రకటించగలిగాడు. అదే సమయంలో చక్కెర కంపెనీ, బ్యాంకు, దుకాణాల సంస్థ వంటి అనేక వ్యాపారాలకు అధ్యక్షుడిగా ఉండడం వల్ల, మతాధికారమూ ధనాధికారమూ ఒకే చేతిలో ఉన్నాయన్న విమర్శను ఎదుర్కొన్నాడు. అది నిరాధారమైన విమర్శ అనలేము.

రెండవది కుటుంబం. 1915లో ప్రథమ అధ్యక్షత్వం పంపిన లేఖ, తల్లిదండ్రులు పిల్లలను కూర్చోబెట్టుకుని ప్రార్థన, పాట, పఠనం, ఆట కలిపి జరుపుకునే కుటుంబ సాయంత్రాన్ని అలవాటు చేసుకొమ్మని సభ్యులను కోరింది. ఈనాడు ఇతర దేశాలలోని మోర్మన్ ఇళ్లలోనూ కనిపించే ఆచారం అది. పిల్లలను కొట్టవద్దని, ప్రేమతోనే దారిలో పెట్టమని ఆయన పదేపదే బోధించాడు. కోపిష్టి బాలుడిగా పెరిగిన వ్యక్తి నోట ఆ మాట రావడానికి ఎంత ఆత్మనిగ్రహం కావలసివచ్చిందో ఊహించవచ్చు. ప్రభుత్వ పాఠశాలలో చదివే పిల్లలకు విడిగా మతబోధ చేసే సెమినరీ పద్ధతి 1912లో సాల్ట్ లేక్‌లో మొదలైంది. విజ్ఞానశాస్త్రంతో మాత్రం ఆయన జాగ్రత్తగానే మెలిగాడు: మనిషి దేవుని సంతానమని నొక్కిచెప్పే ప్రకటనను 1909లో వెలువరించిన తరువాత, 1911లో బ్రిగం యంగ్ విశ్వవిద్యాలయంలో పరిణామవాదాన్ని బోధించిన ముగ్గురు ఆచార్యులు తప్పుకోవలసి వచ్చింది.

ఆయన కాలంలో సభ్యుల సంఖ్య ఐదు లక్షలకు చేరువైంది. పదవిలో ఉండగా ఐరోపాకు వెళ్లిన తొలి సంఘాధ్యక్షుడు ఆయనే. కొత్తగా చేరినవారు యూటాకు తరలిరానక్కరలేదని, ఉన్నచోటనే సంఘాన్ని కట్టుకోవాలన్న ఆలోచన అప్పటి నుంచి బలపడింది. అందుకు దేవాలయాలు కావాలి. ఆదివారపు ఆరాధన జరిగే మందిరం వేరు, దేవాలయం వేరు. వివాహపు ముద్రలు, మరణించిన పూర్వికుల తరఫున బతికున్నవారు పొందే బాప్తిస్మం వంటి కర్మలు దేవాలయంలోనే జరుగుతాయి. కెనడాలోని కార్డ్‌స్టన్ లోను, 1915లో హవాయిలోని లాయీలోను ఆయన దేవాలయాలకు స్థలాలను ప్రతిష్ఠించాడు. పదిహేనేళ్ల అనాథగా తాను అడుగుపెట్టిన దీవులకు ఆ దేవాలయాన్ని ఇచ్చిన ఆయన, 1919లో దాని ప్రారంభాన్ని చూడలేదు.

1918 ఆయనకు నష్టాల యేడు. జనవరిలో, అపొస్తలుడిగా ఉన్న పెద్దకొడుకు హైరం మాక్ స్మిత్ అపెండిక్స్ పగిలి 45 ఏళ్లకే చనిపోయాడు. సెప్టెంబరులో కోడలు ప్రసవానంతరం కన్నుమూసింది. ఐరోపాలో ప్రపంచయుద్ధం, దానితో పాటు ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి లక్షల ప్రాణాలు తీస్తున్నాయి. నెలల తరబడి మంచం మీద ఉన్న ఆయన, అక్టోబరు 3న పేతురు పత్రికలో క్రీస్తు మృతుల ఆత్మలకు బోధించాడన్న భాగాన్ని ధ్యానిస్తుండగా, సిలువకూ పునరుత్థానానికీ మధ్యకాలంలో క్రీస్తు మృతుల లోకంలో నీతిమంతుల మధ్యకు రావడాన్నీ, సువార్త వినకుండా పోయినవారికి బోధించడానికి ఆయన వారిని నియమించడాన్నీ దర్శనంలో చూశానని చెప్పాడు. ఆ నీతిమంతులలో తన తండ్రి హైరం కూడా ఉన్నాడని ఆయన పేర్కొన్నాడు. దానిని ఆయన చెప్పగా కొడుకు జోసెఫ్ ఫీల్డింగ్ స్మిత్ రాసుకున్నాడు. అక్టోబరు 31న అపొస్తలులు ఏకగ్రీవంగా ఆమోదించారు.

ఎనభయ్యవ పుట్టినరోజు గడిచిన ఆరు రోజులకు, 1918 నవంబరు 19న, జోసెఫ్ ఎఫ్. స్మిత్ మరణించాడు. మహమ్మారి కారణంగా బహిరంగ సభలపై నిషేధం ఉన్నందున, సంఘం మొత్తం కదలివచ్చే అంత్యక్రియలకు బదులుగా సమాధి దగ్గర కొద్దిపాటి ప్రార్థనతో ఆయనను ఖననం చేశారు. ఆ దర్శనం అరవై యేళ్లకు దగ్గరగా సంఘ సాహిత్యంలో ఉన్నా పవిత్రగ్రంథపు హోదా పొందలేదు. దానిని రాసుకున్న కొడుకే 1970లో సంఘాధ్యక్షుడై, 1972లో మరణించాడు. 1976 ఏప్రిల్ మహాసభలో సభ్యుల ఆమోదంతో అది పవిత్రగ్రంథాలలో చేరి, ఇప్పుడు ‘సిద్ధాంతము మరియు నిబంధనలు’ అనే గ్రంథంలో 138వ ప్రకరణంగా ఉంది. పూర్వికుల పేర్లను వెదికి దేవాలయాలకు తీసుకువెళ్లే మోర్మన్ కుటుంబాలు తమ పనికి ఆధారంగా చూపేవాటిలో అదొకటి.